వేలుకి జాన: బొమ్మబండి పండక్కి వెళ్ళొచ్చాం

ముప్ఫై రెండేళ్ళు డ్రాయింగు మాస్టారుగా పనిచేశాను. పిల్లల చేత అట్టముక్కలతో బస్సులూ కార్లూ చేయించాను. రిటైరయ్యాక కూడా ఆ పిచ్చి వదల్లేదు. నరసరావుపేటలో మా ఇంటి షోకేసు నిండా నేను చేసిన అట్టకార్లే. "మనవల్ని కూడా ముట్టుకోనివ్వని బొమ్మలు ఎవరికోసమండీ?" అని మా ఆవిడ రాజ్యలక్ష్మి నెలకోసారైనా అడుగుతుంది. నేను షోకేసు అద్దం తుడుస్తూ ఉంటాను.

కిందటేడు ఒక పెళ్ళి భోజనాల్లో నా పక్క కూర్చున్న ఆమదాలవలస పెద్దమనిషి, వాళ్ళ వైపు మాఘంలో బొమ్మకార్లనూ పెద్దకార్లనూ పక్కపక్కన పెట్టి కొలిచే పండగ ఒకటుందని చెప్పాడు. అది ఎలా మొదలైందని అడిగితే, "అది నా వల్ల కాదండి, మేస్త్రి నోటంట వినాల" అన్నాడు. ఆ చరిత్ర వినడానికే ఈ మాఘంలో బయల్దేరాం. ఇంట్లో బొమ్మలు చాలక ఊళ్ళ మీద బొమ్మలు కూడానా అని సణుగుతూనే మా ఆవిడ నాకంటే ముందు సంచి సర్దింది.

ఆమదాలవలస

ఊరు పేరు ఆమదాలవలస, స్టేషను పేరు శ్రీకాకుళం రోడ్డు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ, ఆమదాలవలస అన్న బోర్డు వస్తుందేమోనని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. రైలు కదలబోతుంటే మా ఆవిడ టీ కుర్రవాణ్ణి అడిగింది. వాడు మా సంచి అందుకుని మమ్మల్ని దాదాపు దింపేశాడు. దిగాక మా ఆవిడ నన్ను అరగంటసేపు తిట్టింది. తరవాత పది రూపాయలకు రెండు ఇడ్లీ, చట్నీ కావలసినంత దొరికాక చల్లబడింది. మా ఊళ్ళో ఆ డబ్బుకి చట్నీ ఒక్కటే వస్తుంది.

అప్పలస్వామి మేస్త్రి షెడ్డు బియ్యం మిల్లుల వెనక ఉంది. ఆయనకి డెబ్బై దాటి ఉంటాయి. చెవిలో పెన్సిలు, బనీను మీద చెక్కపొట్టు. మేం వెళ్ళేసరికి ఒక లారీ తలుపుకి చిత్రిక పడుతున్నాడు. పని ఆపకుండానే, "బొమ్మలు సేసే మేష్టారంట కదా, కూకోండి" అన్నాడు. ఎవరు చెప్పారో మరి. ఉత్తరాంధ్రలో మనకంటే ముందు మన కబురు నడుస్తుంది.

పండగ పుట్టిన కథ ఆయన చెప్పింది ఇదీ. వాళ్ళ నాన్న ఎడ్లబండి చక్రాలు చేసేవాడు. లారీలొచ్చాక లారీలకూ జీపులకూ చెక్కబాడీలు కట్టడం మొదలెట్టాడు. ఒకసారి ఒక బియ్యం వర్తకుడు బస్తాలు వేసుకోవడానికి జీపుకి బాడీ కట్టించుకున్నాడు. తీరా అయ్యాక "నేను చెప్పింది ఇది కాదు" అన్నాడు. "నువ్వు చెప్పిందే ఇది" అన్నాడు ఈయన నాన్న. కాగితం లేదు. కాగితం మీద గీసినా చదవడం ఇద్దరికీ రాదు. నలుగురు పెద్దలు కూర్చుని కూడా ఏదీ తేల్చలేక టీలు తాగి లేచిపోయారు.

"ఆ దెబ్బతో మా అయ్య రంపం ముట్టుకునే ముందర కర్రతో బుల్లిబండి సెక్కీసేవోడు" అన్నాడు మేస్త్రి. "వేలుకి జాన. బొమ్మ మీద ఒక వేలు ఎడల్పుంటే బండి మీద ఒక జానన్నమాట. బండి కట్టించుకునేవోడు ఆ బొమ్మ మీద సెయ్యేసి, ఇదే మాట అనాల. అయిపోనాక నలుగురి ముందరా దారం పెట్టి కొలిసీవోరు. ఇంక తగువేటి?"

నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. పన్నెండు వేళ్ళు ఒక జాన. అంటే సరిగ్గా పన్నెండో వంతు. నేను క్లాసులో నల్లబల్ల మీద స్కేలు గురించి ఏడాదంతా చెప్పి ఎక్కించలేనిదాన్ని, ఈయన నాన్న ఒక తగువుతో ఊరంతటికీ ఎక్కించేశాడు. నాకు కొంచెం అసూయ కూడా కలిగింది.

ఆ కొలతలు చూడ్డానికి మొదట వీధిలోవాళ్ళు వచ్చేవారట. ఒక మాఘంలో మూడు బళ్ళు ఒకే రోజు తయారయ్యేసరికి పొరుగూళ్ళ వాళ్ళూ వచ్చారు. జనాన్ని చూసి వేరుశెనక్కాయల బండి వచ్చింది. దాని వెనక జీళ్ళవాడు వచ్చాడు. అదే మొదటి పండగ. తరవాత ఫ్యాక్టరీ వ్యాన్లొచ్చి బాడీ పనులు తగ్గిపోయాయి గాని పండగ మాత్రం పోలేదు. ఇప్పుడు ఎవరి బండి వాళ్ళే మార్చుకుంటారు. ఈ ఏడు బొమ్మ చేసి తెచ్చి మేస్త్రికి అప్పగించాలి. బండిని అచ్చం ఆ బొమ్మలా మార్చి, మార్చినట్టు సర్కారు కాగితాలు కూడా చేయించుకుని, వచ్చే ఏడు తీసుకురావాలి. సరిపోతే ఆ బొమ్మ చేసినవాడి పేరుతో మేస్త్రి షెడ్డులో పైబల్ల ఎక్కుతుంది. ఇక దిగదు. సరిపోకపోతే బొమ్మ తిరిగి ఇచ్చేస్తారు. అది నామోషీ. తువ్వాల్లో చుట్టుకుని జనానికి కనబడకుండా వెళ్ళిపోయినవాళ్ళున్నారట.

పైబల్ల మీద వంద దాకా బొమ్మలున్నాయి. టాపు లేని జీపులు, ముక్కు పొడుగు లారీలు, పెళ్ళికొడుకుని ఊరేగించే రథంలాంటి కారు. కిందబల్ల మీద ఈ ఏటి కొలతకి ఆగినవి నలభై దాకా ఉన్నాయి. వాటిలో ఒకటి నన్ను లాగింది. ముందు సగం అంబాసిడర్, వెనక సగం మూతపెట్టె. నీలం రంగు. పడవకి వేసినట్టు ముక్కుకి రెండు వైపులా కళ్ళు. చెక్కిన చేయి వడ్రంగిది కాదని తెలుస్తోంది, అయినా ఎక్కడా తొందర లేదు.

"అది భావనపాడు పోలయ్యది" అన్నాడు మేస్త్రి. "సముద్రంలో సేపల ఏటకెల్లీవోడు. పెళ్ళానికి సేపల బండి సేసిస్తానని కిందటేడు బొమ్మ పెట్టినాడు. వానాకాలంలో జొరమొచ్చి పోనాడు. పెళ్ళాం నూకమ్మ బండి పూర్తి సేయించిందంట, ఎల్లుండి తెస్తాది. నిలబడితే పోలయ్య పేరు ఆ పైబల్ల మీదుంటాది." చిత్రిక పక్కన పెట్టి, "రేపు మీరక్కడికెల్లి, ఆ బండిలోనే వొచ్చీండి. పండగంటే ఏటో తెలుస్తాది" అన్నాడు.

భావనపాడు

టెక్కలి దాకా బస్సు, అక్కణ్ణించి ఆటో. ఉప్పుగాలి తగలగానే మా ఆవిడ చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. సాయంత్రానికి ఆ చెంగుతోనే కానాగంతల చేపల పులుసు గిన్నె దింపింది. మనుషుల్ని మార్చడానికి మంచి పులుసు చాలు.

నూకమ్మ ఇల్లు ఎవర్నడిగినా చూపించారు. ఇంటి ముందు నీలం బండి ఉంటే దాచడం ఎలాగ? ఆవిడకి నలభై ఐదుంటాయి. పొట్టి మనిషి, గట్టి మనిషి. మాటలో తడబాటు లేదు. డ్రైవింగు కూడా ఆవిడే. భర్త బతికుండగానే ఆయన పక్కన కూర్చుని నేర్చుకుందట. రోజూ పొద్దున్నే రేవులో వేలంలో చేపలు పాడుకుని, మంచులో పెట్టి, టెక్కలి నుంచి ఆమదాలవలస దాకా అమ్ముకొస్తుంది.

కూర్చోమనకముందే అడిగింది.

"బొమ్మ సూసినారంట కదా బాబూ, ఎలాగున్నాది?"

నేను తెల్లబోయాను. బొమ్మని మేస్త్రికి అప్పగించాక ఆవిడ మళ్ళీ చూడలేదు. కొలత అయ్యేదాకా చూడకూడదన్నది అక్కడి కట్టుబాటు. బండి మొత్తం పోలయ్య నోటితో చెప్పిన లెక్కల్ని గుర్తుపెట్టుకుని చేయించింది. తలుపు ఇన్ని జానలు, పెట్టె మూతి ఇన్ని జానలు అని అప్పజెప్తూ, "సరిగ్గున్నాదా? ముక్కుకి కళ్ళు అలాగే ఉన్నాయా? నలుపా, తెలుపా?" అని అడుగుతుంటే నేను పరీక్ష రాస్తున్న పిల్లాడిలా గుర్తు తెచ్చుకుని చెప్పాను. బొమ్మ మీద దుమ్ము ఉందా అని కూడా అడిగింది. లేదన్నాను. ఉంది.

చోడి అంబలి, పచ్చి ఉల్లిపాయ, కాల్చిన ఎండుచేప పెట్టింది. చోళ్ళంటే మా వైపు రాగులు. మా ఇంట్లో షుగరు వచ్చినవాడికి మందులా పోస్తారు దాన్ని. ఇక్కడ ప్రేమగా తాగుతున్నారు. నేను రెండు గ్లాసులు తాగాను. పులుసులో కారం చాల్లేదని మా ఆవిడ అంటే, "మీ గుంటూరోల్లు కారంలో సేపలొండుతారంట, సేపల్లో కారమెయ్యరంట కదమ్మా" అంది నూకమ్మ. మా ఆవిడ పడీపడీ నవ్వింది. ఇద్దరూ అక్కణ్ణించి అక్కాచెల్లెళ్ళే.

చిక్కు సంగతి నూకమ్మ మరిది ఎర్రన్న వల్ల బయటపడింది. బాడీ వెల్డింగు చేసింది అతనే. చేతిలో నీలం రంగేసిన నాలుగు పలకలు పట్టుకొచ్చి, పెట్టె మూతి చుట్టూ పెట్టి చూస్తున్నాడు. ఏమిటివని అడిగాను.

"బొమ్మలో పెట్టె మూతి భూమ్మీంచి అయిదు జానలండి. మా అన్న పొడుగు మనిషి, ఆడి ఎత్తుకి పెట్టుకున్నాడు. బుట్టలెత్తీది నేనే, అమ్మీది నువ్వు అన్నాడంట వొదినితో. ఇప్పుడు బుట్టలెత్తీది కూడా వొదినే కదా. అయిదు జానలెత్తలేక రెండు నెల్లు సేతులు పడిపోయినాయి. అందుకని నాలుగుకి కోసీసినాను. పండగ పూట ఈ పలకలు బిగించీస్తే అయిదైపోద్ది. సాయంత్రం పీకీద్దుం. ఎవుడికి తెలుస్తాది?"

"మేస్త్రికి తెలియదా?" అన్నాను.

"తెలిసినా దారం అయిదంటే అయిదే కదండి" అన్నాడు.

నాకు అతని తెలివి నచ్చింది. మోసమని అనిపించలేదు. చచ్చిపోయిన అన్న పేరు బల్లెక్కించాలని తమ్ముడి తాపత్రయం, అంతే కదా. నూకమ్మ మాత్రం రేపటి బుట్టలు కడుగుతూ ఉండిపోయింది.

దారిలో

తెల్లవారుతూనే బయల్దేరాం. పండగైనా చేపలు ఆగవు గనక నూకమ్మ ఎప్పటిలాగే బేరానికి బుట్టలు ఎక్కించింది. నేను సాయం చేయబోయి ఒక బుట్ట సగం దాకా ఎత్తి, కవళ్ళ చేపల నీళ్ళన్నీ నా తెల్లచొక్కా మీద పోసుకున్నాను. "పక్కకి రండి మాష్టారూ" అని ఆవిడ ఆ బుట్టని మోకాలి మీద ఆనించి ఒక్క ఊపులో పెట్టెలో పెట్టేసింది. నాలుగు జానల ఎత్తు సరిగ్గా ఆవిడ రొమ్ముకి కిందుగా వచ్చింది. నేను చొక్కా మార్చుకోలేదు, మార్చుకోవడానికి రెండోది లేదు. ఆ రోజంతా పిల్లులకు నేనంటే గౌరవం పెరిగింది.

ముందు సీట్లో నూకమ్మ పక్కన మా ఆవిడ, వెనక ఇరుకు బెంచీ మీద నేనూ ఎర్రన్నా, మా కాళ్ళ కింద ఆ నాలుగు పలకలు. ఊరూరా ఆగుతూ వచ్చాం. ప్రతి చోటా ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని రెడీగా ఉన్నారు. "ఒసే నూకీ, ఇయ్యాల పండగేటే? గెలుస్తావా?" అని ఒక ముసలామె అడిగింది. "ఆయన గెలవాల అమ్మా, నేనేటి" అంది నూకమ్మ. ఆమదాలవలస దాటేసరికి పెట్టె ఖాళీ అయింది. ఎర్రన్న బండి కడిగి, పలకలు తుడిచాడు.

రామతీర్థం రోడ్డు

షెడ్డు వీధి ఇరుకైపోయి, పండగ ఎప్పుడో విజయనగరం అవతల రామతీర్థం వెళ్ళే రోడ్డు పక్క కోసిన వరిమళ్ళలోకి మారింది. దూరంగా రాతికొండ. కొండెక్కొచ్చిన భక్తులు చేతుల్లో ప్రసాదంతో నేరుగా ఇటే వస్తున్నారు. నలభై బళ్ళ దాకా ఉన్నాయి. ఒక్కొక్క బండి ముందు పీట, పీట మీద బొమ్మ. వరిదుబ్బుల్లో నడుస్తూ నేను చిన్నపిల్లాణ్ణయిపోయాను. సిగ్గేం లేదు చెప్పడానికి.

విజయనగరం సంగీతం మేష్టారు ఒకాయన, జీపుకి ఏడు హారన్లు బిగించి సరిగమలు పలికించాడు. బొమ్మ మీద కూడా చీమంత హారన్లు ఏడు. పండగ చరిత్ర గురించి ఆయన్ని అడిగాను. "ఆ వర్తకుడు మా విజయనగరం వాడేనండీ. ఆయన తగువు పెట్టబట్టే కదా పండగ పుట్టింది. కనక పండగ మాది" అన్నాడు. మేస్త్రి ఈ మాట విని, "తగువు ఆల్లది, పని మాది" అన్నాడు. ఇద్దరూ ఒకే ఆకులో పులిహోర పంచుకుతింటూ ఏటా ఇదే వాదించుకుంటారట.

మధ్యాహ్నం నూకమ్మ వంతు వచ్చింది. పీట మీద నీలం బొమ్మ పెట్టారు. దాని మీద గుడ్డ కప్పి ఉంది, మేస్త్రి వచ్చి తీయాలి. ఎర్రన్న పలకలు, బోల్టులు తీసుకుని పెట్టె దగ్గరికి వెళ్ళాడు. మొదటి పలక పెట్టి బోల్టు దూర్చబోతుండగా నూకమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"వొద్దురా ఎర్రా."

"వొదినా, ఒక్క పూట. అన్న పేరు."

"మేస్త్రి, మాట మీదున్నావా అనడుగుతాడు. ఏటి సెప్పమంటావు? ఉన్నానని సెప్పి సాయంత్రం పీకీయమంటావా?"

ఎర్రన్న పలకలు కింద పడేసి పక్కకెళ్ళి నిలబడ్డాడు. కోపమో ఏడుపో తెలియలేదు. ఒక్క పూట పెట్టనిస్తే ఏం పోయింది ఈవిడకి అని నేను లోపల తిట్టుకున్నాను.

మేస్త్రి గుడ్డ తీశాడు. నూకమ్మ ఆ బొమ్మని ఏడాది తరవాత చూడ్డం అదే. పైటకొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"నూకమ్మా, మాట మీదున్నావా?" అనడిగాడు మేస్త్రి, అందరినీ అడిగినట్టే.

"మాట నేనివ్వనేదు మేస్త్రీ. ఆయనిచ్చినాడు. ఆయన ఎత్తుకిచ్చినాడు. నేను పొట్టిదాన్ని, పెట్టె మూతి కోయించీసినాను. కొలుసుకో."

నలుగురూ నవ్వబోయి ఆగిపోయారు. మేస్త్రి ముందు తలుపులు కొలిచాడు. సరి. చక్రాల మధ్య దూరం, సరి. ముక్కు మీద కళ్ళు, సరి. కళ్ళు కూడా కొలిచాడంటే నమ్మండి. ఏడాదిగా చూడని బొమ్మకి ఆవిడ ఇంత సరిగ్గా ఎలా చేయించిందా అని జనంలో ఆశ్చర్యం పాకుతోంది. చివరికి దారం పెట్టె మూతి దగ్గరికొచ్చింది. మేస్త్రి బొమ్మ మీద వేళ్ళు లెక్కపెట్టాడు. బండి మీద జానలు లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. ఆయనకూ మనసొప్పలేదని తెలుస్తూనే ఉంది.

"అయిదుకి నాలుగు" అన్నాడు. "తేడా."

"అంతా సరిపోయింది కదండీ, ఒక్కటేగా" అని మా ఆవిడ పైకే అనేసింది. ఊరుకాని ఊళ్ళో పెద్దమనిషితో అలా మాట్లాడొచ్చా అని నేను మందలించలేదు. నేనూ అదే అనబోయాను.

"ఒకటి ఒదిలీస్తే రేపు రెండొదలాలమ్మా. మా అయ్య దారమిది" అన్నాడు మేస్త్రి, కళ్ళు దించుకుని. రెండు చేతుల్తో బొమ్మ తీసి నూకమ్మ చేతుల్లో పెట్టాడు. నాకు ఆయన మీద ఒళ్ళు మండింది. వంద బొమ్మలున్నచోట నూటొకటోది పెడితే బల్ల విరిగిపోతుందా?

నూకమ్మ బొమ్మని తువ్వాల్లో చుట్టలేదు. అటూ ఇటూ తిప్పి చూసింది. బుల్లి తలుపు తీసి మూసింది. పెట్టె మూత ఎత్తి లోపల వేలు పెట్టి చూసింది. జనం వేరే బండి వైపు వెళ్ళిపోయారు. ఆవిడ ఇంకా చూస్తూనే ఉంది.

"మేస్త్రీ, ఇంక ఇది నాదేనా?" అని అడిగింది.

"నీదే. తేడా వొస్తే బొమ్మ ఇంటికే కదా."

"మళ్ళీ అడగవు కదా?"

"అడగను."

మా ఆవిడ వెళ్ళి ఆవిడ భుజం మీద చెయ్యేసింది. "బాధపడకు నూకమ్మా. కావాలనే పలకలు వద్దన్నావా? బొమ్మ ఇంటికొస్తుందని ముందే అనుకున్నావా?"

"లేదమ్మా, నిజ్జంగా అనుకోనేదు. ఆయన పేరు పోతాదని రేత్రంతా ఏడిసినాను. బొమ్మ సేతికొచ్చినాక తెలిసింది" అంది నూకమ్మ. కళ్ళు తుడుచుకోలేదు, నవ్వుతోంది. "నెగ్గుంటే ఏడాదికోపాలి ఆ షెడ్డుకెల్లి, కిందనుంచి తలెత్తి సూసీదాన్ని. ఇప్పుడు రోజూ సూసుకుంటాను."